గాలి లేని చోట రెక్కలెందుకు?

"గాలి లేని చోట రెక్కలెందుకమ్మా?"

మా మామయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని అడిగారు. ఇంకెవరైనా అడిగి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని. ఆయన శ్రీహరికోటలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. మా నెల్లూరు ఇంట్లో రాకెట్ల గురించి ఆఖరి మాట ఆయనదే. ఆయన ఎదుట వంటగట్టు మీద మూరెడు పొడవు ప్లాస్టిక్ అంతరిక్ష ఓడ ఉంది. నీలం, బూడిద రంగులు, బాణం మొనలా వెనక్కి వాలిన రెక్కలు, ముందు పసుపుపచ్చ అద్దాల గది, వెనక తలుపులు తెరిస్తే లోపల చిన్న బండి. మూడు రాత్రుళ్ళు కూర్చుని అప్పుడే పూర్తిచేశాను. ఒకదానికొకటి తొడుక్కునే లెగో ఇటుకలు, 1,254 ముక్కలు.

ఓడ పేరు గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్. గట్టు మీది రాయి చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు, నల్లటి రాతిలో బంగారు చుక్కలు. ప్రకాశం జిల్లా రాయి నెల్లూరు వంటింట్లో అంతరిక్షంగా పనికొచ్చిందని నేను మురిసిపోతుంటే ఆయన చూపు రెక్కల దగ్గర ఆగింది.

"అందంగా ఉంటాయని, మామయ్యా" అన్నాను. ఆ జవాబు నాకే చప్పగా వినిపించింది. అసలు జవాబు ఆర్నెల్ల తరవాత దొరికింది. అది చెప్పడానికే ఇదంతా.

ముందు ఆ పెట్టె ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి. మా తమ్ముడు అమెరికా నుంచి సంక్రాంతికి వస్తూ మేనల్లుడి కోసమని లెగో పెట్టె తెచ్చాడు. దాని మీద వయసు 18+ అని అచ్చువేసి ఉంది. మా వాడికి తొమ్మిదేళ్ళు. మొదటి సంచీ వాడూ నేనూ కలిసి విప్పాం. రెండో సంచీకి వాడు ముక్కలు వెతికి అందించే పనిలోకి దిగాడు. మూడోదానికి బ్యాటు తీసుకుని వీధిలోకి పోయాడు. మా అత్తయ్య రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు "గట్టు ఎప్పటికి ఖాళీ అవుతుంది?" అని మాత్రం అడిగారు.

ఈ ఓడ కొత్తది కాదు. 1979లో 338 ముక్కలతో మొదటిసారి వచ్చింది. 2022లో దాన్నే ఒకటిన్నర రెట్లు పెంచి మళ్ళీ తెచ్చారు, అప్పుడు దానితో ఆడుకున్న పిల్లలు ఇప్పుడు జీతాలు తెచ్చుకుంటున్నారు గనక. 1979 అనగానే మామయ్య తలెత్తారు. ఆయన శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో చేరిన ఏడాది అది. ఆ ఆగస్టు 10న మన రాకెట్టు ఎస్‌ఎల్‌వీ-3 మొట్టమొదటిసారి లేచింది. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు. రెండో దశను అదుపుచేసే వ్యవస్థలో ఒక వాల్వ్ మొరాయించి, లోపలి ఆమ్లం కారిపోయి, రాకెట్టు అయిదు నిమిషాల పైచిలుకుకే బంగాళాఖాతంలో పడింది. మరుసటి ఏడాది జులై 18న లేచిన రాకెట్టు రోహిణిని కక్ష్యలో పెట్టింది, ఆ ఉపగ్రహం బరువు 35 కిలోలు. డెన్మార్క్ కంపెనీ లెగో బొమ్మల్లో నలుగురు వ్యోమగాములు బండితో సహా గ్రహాలు తిరుగుతున్న ఏడాది మావాళ్ళు బియ్యం బస్తాకి కాస్త ఎక్కువ బరువును పైకెత్తడానికి కిందామీదా పడుతున్నారన్నమాట. మామయ్యకు అలాంటి ఓడల మీద చిన్నచూపు ఉందంటే తప్పుబట్టలేను.

నిజానికి ఆయన అభ్యంతరం రెక్కలతో ఆగలేదు. "ఇన్ని రాత్రుళ్ళు మేలుకుని లేనిదాన్ని కట్టడమెందుకు? ఉన్నదాన్ని కట్టు" అన్నారు. అలాంటి పెట్టెలూ ఉన్నాయి. అపోలో యాత్రల శాటర్న్-5 రాకెట్టును ఇదే కంపెనీ 2017లో మీటరు ఎత్తున తెచ్చింది. ముక్కలు సరిగ్గా 1,969. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన ఏడాదిని ముక్కల లెక్కలో దాచారు. ఆ సంగతి చెబితే మామయ్య "అదీ పని అంటే" అన్నారు. మా వీధిలో ఇంకో రకం వాదన కూడా నడుస్తుంటుంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పిల్లల్ని తోలే ఊరు మాది, బొమ్మ కొన్నా దాని మీద 'ఎడ్యుకేషనల్' అని ఉండాలి. "రాకెట్టు బొమ్మయితే పిల్లాడికి సైన్సు వస్తుంది కదండీ, ఈ సినిమా ఓడల వల్ల ఏమొస్తుంది?" అంది ఎదురింటావిడ.

సైన్సు వచ్చేది సినిమా ఓడ వల్లేనని నా వాదన. రాకెట్టు బొమ్మ వల్ల గౌరవం వస్తుంది, భక్తి వస్తుంది. మంచివే. సైన్సు రావడం మాత్రం కష్టం.

ఎందుకో చెబుతాను. అసలు రాకెట్టు గొట్టంలా ఎందుకుంటుంది? లోపలి ఒత్తిడిని గోడంతా సమానంగా పంచుకోవాలి, బయట గాలిని చీల్చుకుంటూ పోవాలి. అంతస్తులుగా ఎందుకుంటుంది? ఖాళీ అయిన గొట్టాన్ని మోసుకుపోవడం దండగ, ఎక్కడికక్కడ వదిలించుకోవాలి. ఈ కారణాల్లో ఒక్కటీ నా వంటగట్టు మీద లేదు. ఇంధనం లేదు, ఒత్తిడి లేదు, గాలంటారా, సీలింగ్ ఫ్యానుదే. కారణాలన్నీ పోయి ఆకారం ఒక్కటీ మిగులుతుంది. పైగా అది నిటారుగా నిలబడుతుంది, బరువు పిల్లర్లో దిగినట్టు నేరుగా కిందికి దిగిపోతుంది. గుండ్రదనం రావడానికి లోపల చదరపు స్తంభం కట్టి నాలుగు పక్కలా ముక్కల్ని అడ్డంగా తొడిగే కిటుకు ఒకటుంది, దానికి మాత్రం దండం పెట్టాల్సిందే. అయినా బరువుతో ఆ బొమ్మకు తగువేమీ లేదు.

ఊహల ఓడకు పొద్దున లేస్తే బరువుతోనే తగువు. రెక్కలు పక్కకి చాచుకుని ఉంటాయి, ముక్కు ముందుకి పొడుచుకొస్తుంది, ఇంజన్లు వెనక వేలాడతాయి. పైన ఎక్కడో వాటికి బరువు లేకపోవచ్చు. నెల్లూరులో ఉంది. పిల్లాడు దాన్ని నడుం దగ్గర ఒంటిచేత్తో పట్టుకుని హాల్లోంచి వరండాలోకి జుయ్యిమని తీసుకుపోతే ఆ రెక్క నిలవాలి.

నేను సివిల్ డిప్లొమా చేసి ఒక చిన్న బిల్డర్ దగ్గర సైట్లు చూసుకుంటాను. పగలంతా ఎర్ర ఇటుకలు, థర్మల్ కేంద్రం బూడిదతో పోసిన బూడిద ఇటుకలు, పెన్న ఇసుక. రాత్రి ఈ ప్లాస్టిక్ ఇటుకలు. రెండూ ఒకటేనని మొదట నాకూ తట్టలేదు. మామయ్యే తట్టించారు.

ఒక ఆదివారం ఆయన తన పాత వెర్నియర్ కాలిపర్స్ బయటికి తీశారు. నూనె గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకున్న వస్తువు అది. నాలుగు బొడిపెలు పొడవు, రెండు బొడిపెలు వెడల్పు ఉండే మామూలు ఇటుకను తీసుకుని కొలిచారు. (స్టడ్‌లు అనాలట. మా వాడు బొడిపెలంటాడు, నేనూ అదే అంటాను.) బొడిపె నడిమి నుంచి బొడిపె నడిమికి 8 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఇటుక 32 పొడవు, 16 వెడల్పు రావాలి. వచ్చింది 31.8, 15.8. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచారు. ఇంకో రంగు ఇటుక తీసి కొలిచారు. ఆ తరవాత ఇంకోటి.

"అన్నిట్లో 0.2 తక్కువుంది. ఇది తప్పు కాదు, కావాలని వదిలిన జాగా" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. మా ఇటుకలకూ అంతేగా! మన ప్రామాణిక ఇటుక అచ్చంగా 190×90×90 మిల్లీమీటర్లు. గోడకు లెక్కగట్టేటప్పుడు 200×100×100 అని వేసుకుంటాం. ఆ తేడా 10 మిల్లీమీటర్లూ మాలుది, అంటే ఇటుకల మధ్య పట్టే సిమెంటుది. ఈ బొమ్మ ఇటుకకు మాలు లేదు గనక పక్కవాడిని రాసుకోకుండా దూరడానికి ఆ వెంట్రుకవాసి జాగా చాలు. 1958లో పేటెంటు తీసుకున్ననాటి ఇటుక ఇవాళ్టి ఇటుకకు తొడుక్కుంటుందంటే ఆ కొలతలు తప్పకపోవడం వల్లే. బజార్లో నూటికీ నూటయాభైకీ దొరికే నకళ్ళు కొన్ని తెచ్చి కలిపి చూశాను. ఒకటి తాకితే ఊడుతుంది, ఇంకొకటి పళ్ళతో పీకాలి. మామయ్య వాటిని కొలవను కూడా కొలవలేదు, పక్కకి నెట్టారు.

ఆ మధ్యాహ్నమే ఇంకో సంగతి తేలింది. ఇటుక ఎత్తు 9.6, పలచటి పలక ఎత్తు 3.2. మూడు పలకలు కలిస్తే ఒక ఇటుక, అది పిల్లలకీ తెలుసు. మామయ్య అయిదు పలకలు పేర్చి బొడిపెలు వదిలేసి కొలిచారు. 16. అంటే రెండు బొడిపెల వెడల్పు. ఈ అయిదు-రెండు లెక్క తెలిశాక ఇటుకను నిలబెట్టే కట్టాలన్న నియమం పోతుంది, పడుకోబెట్టినా చుట్టూ ఉన్నవాటితో సరిపోతుంది. ఇంజను మూతి వెనక్కి తిరగాలన్నా, కిటికీ పక్కకి చూడాలన్నా ఈ లెక్క మీదే. మామయ్య దాన్ని గ్యాస్ బిల్లు వెనక రాసుకుని జేబులో పెట్టుకున్నారు. లేనిదాన్ని కట్టడమెందుకన్న మాట ఆ రోజు తరవాత మళ్ళీ వినలేదు.

వేసవి సెలవుల్లో కంపెనీ ఓడను విప్పేశాం. ఇక్కడ నా వాదనకు ఉన్న బొక్క నేనే ఒప్పుకోవాలి. పుస్తకం చూసి కట్టినంతసేపూ నేనూ పెద్దగా ఏం నేర్చుకోలేదు. ఎవరో డిజైనరు నా తరఫున ఆలోచించేశాడు. ఫలానా పలక ఫలానా చోట ఎందుకుందో దాన్ని పీకి చూసినప్పుడు గానీ తెలియలేదు. ఆ ముక్కలకు ఇంకొన్ని కలిపి నా సొంత ఓడ మొదలుపెట్టాను.

రెక్క ఒక్కోటి నలభై బొడిపెలు, అంటే 32 సెంటీమీటర్లు. పైన అందంగా కనబడాలని బొడిపెలు లేని చిన్న చిన్న టైళ్ళు ముగ్గులా పరిచాను. పొడుగు పలకలన్నీ అడుగున పెట్టాను. మొదటి రాత్రి నిలిచింది. తెల్లారి చూస్తే కొస రెండు వేళ్ళు కిందికి వాలి ఉంది. మా వాడు ఎత్తాడు. రెక్క మొదట్లో, పై వైపున, సన్నగా ఒక గీత తెరుచుకుంది. పాత పుస్తకం వెన్ను విరుచుకున్నట్టు. ఆ గీత దగ్గర టైళ్ళు టక్, టక్ మని ఒక్కొక్కటే లేచాయి. వాడు రెండో చెయ్యి అడ్డం పెట్టేసరికి రెక్క గట్టు మీద పడి అక్కణ్ణుంచి నేల మీదికి చిమ్మింది. కొన్ని ముక్కలు ఫ్రిజ్ కిందికి పోయాయి. ఒకటి పది రోజుల తరవాత అత్తయ్యకు కందిపప్పు చెరుగుతుంటే చేటలో దొరికింది. ఆవిడ దాన్ని నా కంచం పక్కన పెట్టి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

విరిగిన రెక్క ఫోటో తీసుకున్నాను. సైట్లో టీ తాగేటప్పుడు మా మేస్త్రికి చూపించాను. కోవూరు మనిషి, పెద్దవాడు. ఓడేంది, రెక్కేంది అని అడగలేదు. ఫోను చేతికందినంత దూరం పెట్టుకుని చూసి, "కమ్మీ కిందేసినారా అమ్మా?" అన్నాడు.

తల తీసేసినట్టయింది. పదిహేనేళ్ళుగా నేను కూలీల మీద అరిచే అరుపు అది. రెండు గోడల మీద కూర్చున్న స్లాబు నడిమిన కిందికి వంగాలని చూస్తుంది, సాగేది అడుగు భాగం. అందుకే కమ్మీ అడుగున. బాల్కనీ, సన్‌షేడ్ అలా కాదు. ఒక పక్కే పట్టు, రెండో పక్క గాల్లో. అక్కడ సాగేది పై భాగం, కమ్మీ పైన ఉండాలి. కాంక్రీటు నొక్కుడుకు ఓరుస్తుంది, లాగుడుకు ఓర్వదు, లాగుడును ఓర్చుకోవడానికే ఇనుము. పోత పోసేటప్పుడు ఎవరైనా తొక్కి ఆ పై కమ్మీ కిందికి దిగబడితే సెంట్రింగ్ విప్పిన రోజు తెలుస్తుంది. పై కమ్మీ కింద ఆధారానికి చైర్లు పెట్టండి, తొక్కకండి అని గొంతు చించుకునే మనిషిని, నా రెక్కకు కమ్మీ కింద వేశాను. బొమ్మే కదా అనుకున్నాను మరి.

రెండోసారి పొడుగు పలకలు పైకెక్కించాను. అతుకు మీద అతుకు రాకుండా, ఇటుక గోడ వరసల్లా జరుపుకుంటూ వేశాను. అడుగున చిన్నముక్కలు ఉన్నా పరవాలేదు, అక్కడ నొక్కుకుంటాయి గానీ విడిపోవు. ఇంకో పని కూడా చేశాను. బాల్కనీ కమ్మీ బాల్కనీలోనే ఆగిపోకూడదు, బయటికి ఎంతుందో దానికి ఒకటిన్నర రెట్లు లోపలి స్లాబులోకి పోయి పట్టుకోవాలన్నది సైట్లో మేం పాటించే లెక్క. అలాగే చిల్లుల దూలాలను పిన్నులతో బిగించి ఈ రెక్క నుంచి ఆ రెక్కదాకా ఓడ పొట్టలోంచి దూర్చాను. ఇప్పుడు రెక్కలు రెండు కావు, ఒక్కటే కాడి, ఓడ దాని మీద కూర్చుంది. మా వాడు దాన్ని మేడ మీదికి తీసుకెళ్ళి కిందికి తెచ్చాడు. కొస బెత్తెడు ఊగింది గానీ గీత తెరుచుకోలేదు.

ఆరు మామూలు లెగో ఇటుకల్ని 91,51,03,765 రకాలుగా కలపొచ్చని గణితజ్ఞులు తేల్చారు. కలపొచ్చు, కాదనను. చేత్తో ఎత్తితే వాటిలో ఎన్ని నిలుస్తాయన్నది నా ప్రశ్న.

ఈ రెక్క నిలిచిన రోజే మామయ్య పాత ప్రశ్నకు జవాబు చెప్పే ధైర్యం వచ్చింది. ముందు కాస్త లాయరు తెలివి చూపించాను. "2016 మే 23న మీ షార్ నుంచే రెక్కల వాహనం ఎగరలేదా?" అన్నాను. ఎగిరింది. ఆరున్నర మీటర్ల పొడవు, బూస్టరు మీద కూర్చుని దాదాపు 65 కిలోమీటర్ల ఎత్తుకు పోయి సముద్రం వైపు జారుకుంటూ దిగింది. ఆయన అప్పటికి ఇంకా సర్వీసులోనే ఉన్నారు. (ఆ సూళ్ళూరుపేట వైపంతా 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లాలో కలిసింది. ఆయన ఇప్పటికీ 'మన జిల్లా' అనే అంటారు, మేం సరిదిద్దం.)

"అది తిరిగి గాల్లోకి వచ్చాక పనికొచ్చే రెక్కమ్మా. పైన ఉన్నంతసేపూ ఉత్త బరువు" అన్నారు.

"మా ఓడ పైకి పోయిందెప్పుడు మామయ్యా? దాని బతుకంతా గాలి ఉన్న చోటే. పొద్దస్తమానం దిగుతూనే ఉంటుంది."

ఆయన నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. ఈ ఓడ ఎగరవలసిన ఆకాశం మా హాలు. దాన్ని మోసేది తొమ్మిదేళ్ళ చెయ్యి. ఆ చేతికి రెక్కల వల్లే ఎటు ముందో ఎటు వెనకో తెలుస్తుంది. ఆ రెక్కల్ని నిలబెట్టడానికే నేను నా చదువు మళ్ళీ తిరగేశాను. గొట్టం కట్టి ఉంటే నాకు మేస్త్రి చేత చీవాట్లు పడేవే కాదు.

సైన్సు ఫిక్షన్ ఓడల్లో నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. ఒళ్ళంతా అంటించే చిల్లర. గొట్టాలు, జాలీలు, మీటలు, డబ్బాలు. ఈ రంగంలో వాటిని గ్రీబుల్స్ అంటారు. 1970లలో సినిమాల కోసం ఓడల నమూనాలు చేసినవాళ్ళు ట్యాంకుల, విమానాల ప్లాస్టిక్ కిట్లు కొని, వాటి ముక్కలు తెచ్చి ఓడ ఒంటికి అంటించేవాళ్ళు. అవి ఏ పనీ చెయ్యవు. మా వ్యాపారంలో దీన్ని ఎలివేషన్ అంటారు. మూడు సెంట్ల ఇంటికి ముందు దేన్నీ మొయ్యని నాలుగు స్తంభాలు, వాటి మీద పీఓపీ పువ్వులు. నాకు ఒళ్ళు మండే విషయం. నా ఓడ నున్నగా ఉండాలని పంతం పట్టాను.

పంతం నెగ్గలేదు. నున్నటి ఓడ ఫోటోలో అరచేతంత కనబడింది. ఇస్త్రీపెట్టె అనుకుంది మా ఆడపడుచు. పక్కన ఒక చిన్న తలుపు, దానికో నిచ్చెన, నాలుగు డబ్బాలు పెట్టగానే వీధంత అయింది. చిన్నవస్తువు పక్కనుంటే గానీ పెద్దవస్తువు పెద్దదని కన్ను నమ్మదు. మేడ మీద నీళ్ళ ట్యాంకు చూసే కదా దూరం నుంచి ఇల్లెన్ని అంతస్తులో అంచనా వేస్తాం. అయినా స్తంభాల విషయంలో నా అభిప్రాయం మారలేదు.

లోపలి ఏర్పాట్లు మా వాడివి. నలుగురికి నాలుగు కుర్చీలు వేస్తే, వాడు వెనక ఇంకోటి వేశాడు. ఎవరికని అడిగితే "పుష్పకంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండేదని నాయనమ్మ చెప్పింది కదా" అన్నాడు. ఆ అయిదో కుర్చీ కోసం బండి పెట్టే గది రెండు బొడిపెలు కుదించాల్సి వచ్చింది. బండి పట్టలేదు. దాన్ని గట్టు మీద బయటే నిలిపాం.

దానితో తూకం చెడింది. ఓడ వెనక్కి వాలుతోంది. మామయ్య ఉట్టి కొక్కేనికి దారం కట్టి ఓడను వేలాడదీశారు, ముందు ఒకచోట, తరవాత ఇంకోచోట. దారం గీతలు రెండూ కలిసిన చోట పెన్సిలుతో చుక్క పెట్టి, "బరువు ఇక్కడుంది. కాళ్ళు దీనికి అటూ ఇటూ రావాలి, ముందొకటి, వెనక రెండు. మూడు కాళ్ళ పీట ఊగదు" అన్నారు. అలాగే మార్చాను. ఆయన ఆ సాయంత్రమంతా గట్టు దగ్గరే ఉన్నారు. నేను కుక్కర్ దించి వెనక్కి తిరిగేసరికి ఇంజను పక్కన, నా లెక్కలో లేని చోట, చిన్న ఎర్ర ముక్క ఒకటి గుచ్చి ఉంది. దానికింద బూడిదరంగు గుండ్రటి టైలు.

"అదేంటి మామయ్యా?"

"వాల్వ్."

"దేనికి?"

ఆయన ముక్కను బొటనవేలితో గట్టిగా నొక్కి, పట్టు చూసుకున్నారు.

"ఒకటి అదనంగా ఉండనీ అమ్మా" అన్నారు.